ఎనిమిదికి తగ్గని బిస్కెట్టు

ఆ మధ్య ఒక కళాశాలలో రుచి చూసే పనికి నన్ను పిలిచారు. నాకేం అర్హత ఉందని అడిగితే, "ఖాళీగానే ఉన్నారు కదండీ" అన్నారు. స్టీలు పళ్ళెంలో టిష్యూ కాగితం పరిచి మూడు బిస్కెట్లు పెట్టారు. వాటి ముందు 427, 183, 659 అని చీటీలు, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు. జొన్నపిండిలో మునగాకు పొడి కలిపి చేసినవట. కొరికితే ముందు పచ్చగడ్డి, ఆ తర్వాత సుద్దముక్క, ఆఖర్న అంగిలికి అతుక్కున్న ఏదో జిగట. ఆర్నెల్లుగా వాటితో తంటాలు పడుతున్న అమ్మాయి ఎదురుగా నిలబడి నా దవడ ఎటు కదిలితే అటే చూస్తోంది. మూడింటికీ ఎనిమిదే వేశాను. ఎనిమిదంటే "చాలా నచ్చింది" అని అర్థం.

తప్పు స్కేలుది కాదు. హెడోనిక్ స్కేల్ అని పిలిచే ఈ తొమ్మిది మెట్ల నిచ్చెన పుట్టింది చికాగోలో, అమెరికా సైన్యం వారి ఆహార పరిశోధన సంస్థలో. సిపాయిలకు వండిపెట్టే వాటిలో ఏది నచ్చుతోందో, ఏది నచ్చడం లేదో తెలుసుకోవడానికి దాన్ని తయారుచేశారు. దాని గురించి డేవిడ్ పెరియమ్, ఫ్రాన్సిస్ పిల్‌గ్రిమ్ 1957లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. ఒకటి అంటే అస్సలు నచ్చలేదని, తొమ్మిది అంటే విపరీతంగా నచ్చిందని, ఐదు అంటే అటూ ఇటూ కాదని. సిపాయికి వంటవాడి దగ్గర మొహమాటమేముంటుంది? మొహమాటమంతా మనదే. అందుకే మన దగ్గరికొచ్చేసరికి ఆ నిచ్చెనకు కింది మెట్లన్నీ ఊడిపోయాయి. పాముల్లేని వైకుంఠపాళి ఆడుతున్నాం.

నివేదికలో నన్ను "సెమీ ట్రెయిన్డ్ ప్యానెల్ సభ్యుడు" అని రాశారు. అంటే సగం శిక్షణ పొందినవాణ్ణి. ఆ సగం ఎప్పుడు పొందానో, మిగతా సగం ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేదు. నాతోపాటు తిన్నవాళ్ళలో ఆ అమ్మాయి గైడు, గైడు పక్క గదిలో కూర్చునే మేడం, ఇద్దరు జూనియర్లు, ల్యాబ్ అసిస్టెంటు ఉన్నారు. గైడు తినే బిస్కెట్టుకు జూనియర్ నాలుగు వేస్తాడా?

రుచి చూసే ఈ శాస్త్రంలో మొదటి పాఠమే వేరు. శిక్షణ ఇచ్చిన నాలుకను "చేదు ఎంత, కరకర ఎంత" అని అడగాలి. నచ్చిందా అని మాత్రం అడగకూడదు. నచ్చిందో లేదో చెప్పాల్సింది ఆ సరుకు కొనుక్కుని తినేవాళ్ళు, అదీ డెబ్భై మందో వంద మందో ఉంటేగానీ లెక్కకు రాదు. మనవాళ్ళు పదిమందినే కూర్చోబెట్టి రెండు పనులూ చేయించేస్తారు. పైగా సగటు 7.8 అని ఒక దశాంశం కూడా తగిలిస్తారు. ఆ దశాంశం చూడగానే పరీక్షకులకు కళ్ళు చెమరుస్తాయి.

పద్ధతిగా చేసేవాళ్ళ జాగ్రత్తలు చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఒకటి, రెండు అని నంబర్లిస్తే ఒకటే గొప్పదనుకుంటారని మూడంకెల సంఖ్యలు వేస్తారు. రెండు ఒకటే రకం, మూడోది వేరే రకం పెట్టి వేరుగా ఉన్నదేదో పట్టుకోమంటారు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఆ లెక్క ముందే పక్కన పెడతారు. రంగు చూసి మోసపోకుండా ఎర్రదీపం కింద తినిపిస్తారు. కాకపోతే ఆవకాయను ఎర్రదీపం కింద పెడితే ఇంకేం మిగులుతుంది? మన నోరు సగం ఊరేది ఆ ఎరుపు చూసే.

ఇంత జాగ్రత్తపడ్డా ప్రశ్న తప్పయితే ఏమవుతుందో కోకాకోలా వారికి తెలుసు. దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించి, తియ్యగా ఉన్న కొత్తదే నెగ్గిందని 1985 ఏప్రిల్ 23న పాతదాన్ని తీసేశారు. జనం తిట్టిన తిట్లకు 79 రోజుల్లోనే పాతదాన్ని మళ్ళీ తెచ్చుకున్నారు. గుక్కెడు తాగి చెప్పినమాట పెళ్ళిచూపుల్లో చెప్పిన మాటలాంటిది. సీసాలకు సీసాలు తాగడం కాపురం. పాతదాన్ని తీసేస్తే మీకెలా ఉంటుందని ఆ పెద్దలు గట్టిగా అడగలేదు.

మా ఇంట్లో ఏ స్కేలూ లేదు. కొత్త కూర చేసిన రోజు మా ఆవిడ "ఎలా ఉంది?" అని అడగదు. అడిగితే బాగుందంటానని ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. మొదటి ముద్ద తర్వాత నా చెయ్యి ఎటు పోతుందో చూస్తుంది. ఆవకాయ జాడీ వైపు పోయిందంటే ఆ కూర మళ్ళీ మా ఇంట్లో ఉండదు. కూర గిన్నె వైపు పోతే ఏమీ అనకుండా ఇంకో గరిటె వేస్తుంది.

ఆ అమ్మాయి పరిశోధన పట్టా పుచ్చుకుంది, సంతోషం. మిగిలిన 427 బిస్కెట్లను స్టీలు డబ్బాలో పోసి స్టాఫ్‌రూంలో టీ కెటిల్ పక్కన పెట్టారు. పదిరోజుల తర్వాత ఏదో పనిమీద వెళ్తే డబ్బా నిండుగానే ఉంది, పక్కనే ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఖాళీ అయి ఉంది. మొన్న మళ్ళీ వెళ్ళాను. ఆ డబ్బాలో ఇప్పుడు పంచదార పోసుకుంటున్నారు. మూత మీద 427 చీటీ ఇంకా అలాగే ఉంది. రెండ్రోజులకోసారి నింపాల్సి వస్తోందని అటెండరు విసుక్కున్నాడు.