వచ్చింది వచ్చినట్టే

మన వాట్సాప్ గ్రూపుల్లో ధర్మం ఒక్కటే: వచ్చింది వచ్చినట్టు పంపెయ్యడం. పూర్తిగా చదివి పంపేవాడు చాదస్తుడు, ఆగి ఆలోచించేవాడు సంఘద్రోహి. 2018 గుర్తుకు రానంతవరకు ఇదంతా తమాషాగానే ఉంటుంది. ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక వీడియోలో, వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి ఇద్దరు బైకు మీద వచ్చి ఒకణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో ఆ బైకు వెనక్కి తిరిగొస్తుంది, పిల్లవాణ్ణి దింపేస్తారు, జాగ్రత్తలు చెప్పే బోర్డు చూపిస్తారు. మహానుభావుడెవరో ఆ చివరి ముక్క కత్తిరించి మనమీదికి వదిలాడు. అలాంటి పుకార్ల వేడిలోనే మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను, జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని జనం కొట్టి చంపారు.

ఆ వీడియో పుట్టుపూర్వోత్తరాలను నిజనిర్ధారణ చేసేవాళ్లు తవ్వితీశారు. కావలసిన పనే. కాకపోతే ఆ వివరణ చదివేవాడికి ముందే అనుమానం ఉంటుంది. అనుమానమే లేనివాడు దాని జోలికే పోడు. అదే ఏడాది గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఈ కిటుకు పట్టుకున్నారు. పోలీసులను ఊళ్లకు పంపారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు, పుకారు కన్నా ముందే అనుమానాన్ని ఊరికి చేర్చారు. ఆమె పరిధిలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇంత శ్రమ దేనికి, ప్రభుత్వమే ఏది నిజమో ముద్ర వేస్తే పోదా అంటారు కొందరు. 2023లో కేంద్రం ఆ ముచ్చటా తీర్చుకోబోయింది; తన గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తానే తేలుస్తానంది. ముద్దాయే జడ్జి కుర్చీలో కూర్చునే ఆ నిబంధనను 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకే పరిమితం చేశాంగా అంటుంది వాట్సాప్; మనవాళ్లు ఐదేసి చొప్పున పంపడం నేర్చుకున్నారు. చదువులేని జనం వల్లే ఇదంతా అనేవారు, తమ కాలనీ గ్రూపులో రిటైర్డ్ ఆఫీసర్లు పొద్దున్నే ఏం పంపుతున్నారో ఒకసారి చూసుకోవాలి. ఇక నేర్పినా లాభం లేదనే వాదనకు కొంత బలముంది: 2019 ఎన్నికల వేళ బిహార్‌లో ఇంటికెళ్లి గంటసేపు చెప్పిన పాఠం పెద్దగా పనిచేయలేదు. కానీ అదే బిహార్‌లో బడి వయసు పిల్లలకు వారాల తరబడి క్లాసులు చెబితే ఆ వివేకం నెలల తర్వాతా నిలిచింది, తల్లిదండ్రులకూ కొంత అంటింది. లోపం చదువులో లేదు, మన తొందరలో ఉంది.

మార్కులుంటే తప్ప మనకు ఏ చదువూ ఎక్కదు గనక, పదో తరగతి ప్రశ్నపత్రంలో ఒక ఫార్వర్డ్ అచ్చేసి, ‘ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారు? చివర ఏం కత్తిరించారు?’ అని పది మార్కులకు అడగాలి. ఆ ప్రశ్నపత్రం ముందురోజు రాత్రే గ్రూపులోకి రావచ్చు. మరీ మంచిది. అది అసలుదో నకిలీదో తేల్చుకున్నవాడికి ఆ పది మార్కులూ అక్కడే ఇచ్చెయ్యొచ్చు.