పది గుర్రాల పద్యం: టీకా తాత్పర్యం

తే.గీ.
పాత డబ్బను దీసెడు భాగ్యశాలి
గొట్ట మొక్కటి బిగియించి గుర్రములను
పదిని బానెట్టు లోపల బలిమి గట్టి
హెర్నుడను వీధిలో నాత డింద్రుడగును!

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ, డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న హెర్న్‌డన్ వాస్తవ్యుడనీ, పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి యూట్యూబు ఇతని వృత్తులనీ, చాంటిలీ రాజధాని మందిరంలో కొత్త కారు చేత నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే బానెట్టు ఎత్తి ఉంటాడనీ మా ఊహ. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానానికి కూర్చున్న మహానుభావుడు. ఆ ఒట్టు మాకు కుదరదు. ఇక్కడ మూలంలో ఉన్న గుర్రాలే ఇంజన్లో లేవు.

ప్రతిపదార్థం

పాత డబ్బను = కంపెనీవారు ఇంజన్ పక్కన అమర్చి ఇచ్చిన నల్లని ప్లాస్టిక్ ఎయిర్ ఫిల్టరు డబ్బాను; దీసెడు = స్క్రూలు, క్లాంపులు విప్పి గరాజ్ అరలో పడేసే (పారవేయరాదు, కారణం ముందు తెలియగలదు); భాగ్యశాలి = మూడు నాలుగు వందల డాలర్లు వెచ్చించగలిగి, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా ఉండగలవాడు; గొట్టము ఒక్కటి = నిగనిగలాడే అల్యూమినియం గొట్టాన్ని, కొసన నూనె పట్టించిన ఎర్రని నూలు ఫిల్టరుతో సహా; బిగియించి = ఇక్కడ ప్రేరణార్థం చేత, బిగించినవాడు మిత్రుడనీ, మన నాయకుడు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడనీ గ్రహించాలి; గుర్రములను పదిని = అట్టపెట్టె మీద అచ్చేసిన అదనపు హార్స్‌పవరును; బానెట్టు లోపల = అమెరికావారు హుడ్ అని పిలిచే రేకు కింద; బలిమి గట్టి = వాటికి ఇష్టం లేకున్నా కట్టేసి; హెర్నుడను వీధిలో = హెర్న్‌డన్ వీధిలో, అనగా ఎల్డెన్ స్ట్రీటు మీద; ఆతడు = ఆ పైన చెప్పినవాడు; ఇంద్రుడు అగును = ఇంద్రుడైపోతాడు.

తాత్పర్యం

ఇంజన్ బాగా ఊపిరి పీల్చుకుంటే బండి బాగా పరిగెత్తుతుంది.

ఇంతవరకు కవి చెప్పినది తప్పు కాదు.

విశేషాలు

కిలో పెట్రోలు కుదురుగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. రెండు లీటర్ల ఇంజన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగితే, రెండు చుట్లకొకసారి తన పొట్ట నింపుకుంటుంది కనుక, లెక్క ప్రకారం నిమిషానికి ఆరు వేల లీటర్ల గాలి మింగుతుంది. పెట్రోలు ఎంత పోయాలన్నా పంపు పోస్తుంది. గాలిని లోపలికి తేవడమే కష్టం. అందుకే శక్తి కోరినవాడు మొదట గాలి దారి వెడల్పు చేయాలనుకోవడం సహజం. టర్బో పుట్టిందీ ఈ కోరిక నుంచే.

పూర్వపక్షం. శిష్యుడు అడుగుతున్నాడు: "గురువుగారూ, చల్లగాలి చిక్కన గదా? బానెట్టు కింద అరవై డిగ్రీల గాలికి బదులు బయటి ముప్ఫై డిగ్రీల గాలి తెచ్చుకుంటే పది శాతం దాకా ఎక్కువ ప్రాణవాయువు దొరుకుతుంది. పది శాతం గాలి అంటే పది శాతం శక్తి. పది గుర్రాలు ఎక్కడికి పోతాయి?"

సిద్ధాంతం. నాయనా, నీ గణితం సరిగ్గానే ఉంది. కాని ఆ అరవై డిగ్రీల గాలి ఎవరు పీలుస్తున్నారు? నువ్వు తీసేసిన పాత డబ్బా ముక్కు ముందు గ్రిల్లు వెనకకో, ఫెండరు సందులోకో తెరుచుకుని ఉంటుంది. అది పుట్టినప్పటినుంచీ బయటిగాలే పీలుస్తోంది. చాలామంది తగిలించే పొట్టి గొట్టం ఇంజన్ పక్కనే నోరు తెరుచుకుని, రేడియేటరు వదిలిన వేడిని తాగుతుంది. శీతవాయు గొట్టమని పేరు పెట్టి వేడిగాలి కొనుక్కున్నారన్నమాట. హైవే మీద వేగంగా పోతుంటే కొంత నయం. ఎల్డెన్ స్ట్రీటులో సిగ్నలు దగ్గర నిలబడ్డ జులై మధ్యాహ్నం ఆ నిగనిగలాడే అల్యూమినియం గొట్టమే పట్టుకోలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ అంత కాలదు. కంపెనీవాడు ప్లాస్టిక్‌తో చేసింది పిసినారితనం చేత మాత్రమే కాదు.

ఇంతకన్నా గట్టి సమాధానం ఇంకొకటుంది. గాలి దారిలో అన్నిటికంటె పెద్ద అడ్డు ఫిల్టరు కాదు, థ్రాటిల్ రేకు. నువ్వు పెడల్ మీద కాలు ఎంత మోపితే అంతే తెరుచుకుంటుందది. ఊళ్ళో నడిపేటప్పుడు ముప్పాతిక భాగం మూసే ఉంటుంది. గడప తలుపు ఓరగా వేసి ఉంచి, వీధి గేటు వెడల్పు చేయించినట్టుంటుంది ఈ గొట్టం సేవ. పెడల్ నేలకు తొక్కి, టాకోమీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళినప్పుడే ఫిల్టరు తేడా తెలుస్తుంది. హెర్న్‌డన్‌లో ఆ భాగ్యం టోల్ రోడ్డు ఎక్కే ర్యాంపు మీద కొన్ని సెకన్లు దక్కవచ్చు. ఆ తరువాత ముందు కారు బ్రేకు లైట్లు వెలుగుతాయి.

దీనికి ప్రమాణమూ ఉంది. 2009లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు కావాలని ఫిల్టర్లను మూసుకుపోయేట్టు చేసి కార్లు పరీక్షించారు. కంప్యూటరుతో ఇంధనం చిమ్మే నేటి పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పెడల్ పూర్తిగా తొక్కి వేగం పుంజుకునేటప్పుడు మాత్రం బండి మందగించింది. అంతగా మూసుకుపోయిన ఫిల్టరుకే ఇంతటి విధేయత చూపించే ఇంజన్, శుభ్రమైన ఫిల్టరు తీసి ఇంకా శుభ్రమైనది పెడితే ఉప్పొంగిపోతుందా? టర్బో లేని మామూలు ఇంజన్ను డైనమోమీటరు రోలర్ల మీదికెక్కించి కొలిస్తే, సాధారణంగా తేలేది ఒంటి అంకె గుర్రాలే. టర్బో కారుకు గొట్టంతోపాటు కంప్యూటరు ట్యూను కూడా మారిస్తే కథ వేరు. అయితే అది ఈ పద్యంలో లేదు.

ఇక పది గుర్రాల విచారం. జేమ్స్ వాట్ ఆవిరియంత్రాలు అమ్ముకోవడానికి నిర్ణయించిన కొలత హార్స్‌పవరు. నేటి లెక్కలో 746 వాట్లు. రోజంతా గానుగ తిప్పే గుర్రపు ఓర్పును బట్టి కట్టిన కొలత అది. గుర్రం ఒళ్ళు వంచి కొన్ని క్షణాలు లాగితే చూపగల శక్తి దాదాపు 15 హార్స్‌పవరని 1993లో నేచర్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే కవిగారు గొప్పగా చెప్పిన పది గుర్రాలు, కట్టు తెంచుకున్న ఒక్క గుర్రానికి సరిపోవు. నిజం గుర్రాలే కావాలంటే హెర్న్‌డన్ వెస్ట్ ఆక్స్ రోడ్డులో ఫ్రయింగ్ పాన్ ఫామ్ పార్కు ఉంది. అక్కడ గుర్రపు పోటీలకు అరీనా కూడా ఉంది. పేరు పెనం అయినా గుర్రాలు చల్లగానే ఉంటాయి.

"మరి గురువుగారూ, గొట్టం పెట్టాక బండి లేచిపోతున్నట్టుంటుందే? అన్న చెప్పాడు, నేనూ ఎక్కాను."

ఉంటుంది. చెవికి ఉంటుంది. పాత డబ్బాకు ఫిల్టరు మొయ్యడం సగం పని. మిగతా సగం నోరు నొక్కడం. దాని పక్కన ఖాళీ బుడగలాంటి గది ఒకటి వేలాడుతుంటుంది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మను పండితుడి సూత్రం ప్రకారం, ఇంజన్ గాలి పీల్చే బుసను ఎంచుకున్న స్థాయి దగ్గర అణిచేస్తుంది. శక్తికి అడ్డమని కొత్తవాళ్ళు మొదట కోసేది దానినే. అది పోయాక పెడల్ తొక్కితే బుస వినబడుతుంది, గుండె ఉబ్బుతుంది, వేగం పెరిగినట్టనిపిస్తుంది. స్పీడోమీటరుకు చెవులు లేవు కనుక దానికి ఏమీ అనిపించదు.

ఇక్కడ హెర్న్‌డన్ స్థలపురాణం కొంత అవసరం. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన అమెరికా ప్రధాన కార్యాలయాన్ని 2008లో మిషిగన్ నుంచి ఈ ఊరికి తెచ్చి, ఫెర్డినాండ్ పోర్షే డ్రైవ్ అనే వీధిలో ఏళ్ళ తరబడి నడిపింది. ఆ సంస్థే గోల్ఫ్ జీటీఐ కార్లలో విండ్‌షీల్డు కింద సౌండాక్టర్ అనే పరికరాన్ని దాచింది. డబ్బాలో అణిచిన ఇంజన్ చప్పుడును కరెంటుతో మళ్ళీ పుట్టించి లోపల కూర్చున్నవాళ్ళకు వినిపిస్తుందది. ముందు నోరు నొక్కి, తరువాత మిమిక్రీ చేయించడం! కొందరు యజమానులు దాని తీగ పీకేసి ఆ తరువాత గొట్టం కొంటారు. వాళ్ళను తప్పు పట్టడానికి మాకు మనసొప్పదు. 2015 సెప్టెంబరు 18న పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చేదాకా ఈ కంపెనీ డీజిల్ కార్లు పరీక్షాగదిలో ఒక ఊపిరి, రోడ్డు మీద ఒక ఊపిరి వదిలాయి. అది బయటికిపోయే గాలి కథ. మనది లోపలికొచ్చే గాలి కనుక ఇంతటితో విరమిస్తున్నాం.

"ఇంద్రుడగును" అన్నచోట ఏ ఇంద్రుడు అని ప్రశ్న. వజ్రాయుధం పట్టినవాడు కాదు, మధ్యలో ఆ పదవి ఎక్కిన నహుషుడని మా నిర్ణయం. పల్లకీ మోసే ఋషులను త్వరగా పొమ్మని తన్ని, అగస్త్యుడి శాపంతో పామైనవాడు. వర్జీనియాలో అగస్త్యుడి పని రాష్ట్ర పోలీసు చేస్తాడు. గంటకు 85 మైళ్ళు దాటినా, హద్దు కంటె 20 మైళ్ళు ఎక్కువ పోయినా అక్కడ అది రెక్లెస్ డ్రైవింగ్. మామూలు టికెట్ కాదు, క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు, 2500 డాలర్ల దాకా జరిమానా రాసి ఉన్నాయి. వీసా మీద ఉన్న ఇంద్రుడు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోగలడు.

ఇంకొక చిన్న శాపం. గొట్టం వెడల్పు మారితే అందులో గాలిని కొలిచే సెన్సరు లెక్క తప్పవచ్చు. ఫిల్టరుకు నూనె ఎక్కువ పూస్తే అది పోయి ఆ సెన్సరులోని సన్నని వేడి తీగ మీద పేరుకుంటుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష తప్పదు, ఆ లైటు వెలిగిన బండి తప్పుతుంది. అప్పుడు గరాజ్ అరలోని పాత డబ్బా దుమ్ము దులుపుకుని బయటికొస్తుంది. పారవేయరాదన్నది ఇందుకే.

హెర్నుడెవరు? విలియం లూయిస్ హెర్న్‌డన్ అనే నౌకాదళ అధికారి. అమెజాన్ లోయ అన్వేషించినవాడు. 1857 సెప్టెంబరులో కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్కు వెళ్తున్న సెంట్రల్ అమెరికా ఆవిరినౌకకు కెప్టెన్. తుఫానులో ఓడకు నీరు ఎక్కి, బాయిలర్ల కింద నిప్పు ఆరిపోయి, ఇంజన్లు ఆగిపోయాయి. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఇంకో ఓడకు ఎక్కించి, తాను ఓడతోపాటే మునిగాడు. ఆ పేరు మోసే ఊళ్ళో ఫెండరు అడుగున, నేలకు జానెడెత్తున ఫిల్టరు వేలాడదీసేవాళ్ళున్నారు. చల్లని గాలి నిజంగానే అక్కడ దొరుకుతుంది, ఒప్పుకుంటాం. వేసవి జడివానకు రోడ్డు మీద నిలిచిన నీరు కూడా అక్కడే దొరుకుతుంది. నీళ్ళను పిస్టన్ నొక్కలేదు. నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అల్యూమినియం గొట్టం మాత్రం చెక్కుచెదరదు.

అలంకారం: అతిశయోక్తి అని కొందరు. మా మతంలో ఇందులో ఉన్నది శబ్దాలంకారమే. అర్థం ఉంది గాని, అది ఖర్చయిపోయింది.

ఛందస్సు: తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. కవి తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, నాలుగు పాదాల్లో ఎనిమిదిమంది ఇంద్రులకు పన్నెండుమంది సూర్యులు తేలారు. బానెట్టు కింద వేడి అలా వుంటుంది.