గాలితొట్టి పద్యమునకు టీకాతాత్పర్యములు

మూలము

గాలి నిండినంత గట్టిగా నిలుచును
వేడినీటి తొట్టి వేడ్కతోడ;
మూడు చలులు గడవ ముడుతలు పడిపోవు
గాలిపోవు టదియె కాలమహిమ.

అవతారిక

ఇది చాటువు. కవి తన పేరు చెప్పుకొనలేదు. అందులకు కారణము వినయము కాదనియు, తొట్టికై వెచ్చించిన సొమ్మును గూర్చి ఆ యింట జరిగిన చర్చయనియు మే మెఱుగుదుము. 2020వ సంవత్సరమున మహమ్మారి ప్రబలి, విమానములు నిలిచిపోయి, స్వదేశమునకు పోవు దారియు పొరుగూరికి పోవు సరదాయు లేకపోయినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పరిసరములందు కాపురముండు మన తెలుగు గృహస్థులలో పెరడు గలవారు కొందరు, అట్టపెట్టెలో మడతలుగా వచ్చి, ప్లగ్గు పెట్టిన కొలది నిమిషములలో నుబ్బి గుండ్రముగా లేచి నిలుచు వేడినీటి తొట్టిని కొనిరి. అట్టివారిలో నొకడు మూడు చలికాలముల పిమ్మట దాని ప్రక్కన నిలుచుండి చెప్పిన పద్య మిది. మల్లినాథసూరి వంటి మహావ్యాఖ్యాతలు మూలమును దాటి పోరాదని నియమము పెట్టుకొనిరి. వారి చేతికి కాళిదాసు దొరకెను గావున ఆ నియమము చెల్లినది. మాకు దొరకినది తొట్టి.

ప్రతిపదార్థము

గాలి = తొట్టి గోడలలోని వాయువు; నిండినంత = నిండిన మాత్రమున; గట్టిగా = మీద కూర్చున్నను క్రుంగక; నిలుచును = నిలబడును; వేడినీటి తొట్టి = హాట్ టబ్బు; వేడ్కతోడ = ఇంటిల్లిపాది సంబరముతో; మూడు చలులు = మూడు శీతకాలములు; గడవ = గడచిపోగా; ముడుతలు పడిపోవు = గోడ సడలి మడతలు తేలును; గాలిపోవుట = గోడలోని వాయువు వెడలిపోవుట; అదియె = అది మాత్రమే; కాలమహిమ = కాలము చేయు మాయ.

తాత్పర్యము

వేడినీటి తొట్టి గాలి నింపగానే దృఢముగా నిలిచి వేడుక గొలుపును గాని, మూడు శీతకాలములు గడచునప్పటికి గాలి పోయి ముడుతలు పడును. కాలమునకు లొంగని దేదియు లేదని భావము. తాత్పర్య మింతే. కాని యిది సత్యమా యన్నచో, మొదటి పాదము సత్యము, రెండవది మితభాషణము, మూడవది సగము సత్యము, నాలుగవది యసత్యము.

వ్యాఖ్య

"గట్టిగా" యనుటను అతిశయోక్తియని తలపరాదు. గోడకు వాడు పదార్థము పీవీసీ. స్వభావముచేత పెళుసైన ఆ పదార్థమును మెత్తపఱచు ద్రవ్యములతో కలిపి, రబ్బరు రీతిని వంగునట్లు చేసినవాడు వాల్డో సెమన్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు, 1926వ సంవత్సరమున. ఆరడుగుల తొట్టిలో సుమారు తొమ్మిదివందల లీటర్ల నీరు పట్టును. అనగా తొమ్మిదివందల కిలోల బరువు. దానిపై నలుగురు బంధువులు దిగిరేని టన్ను దాటును. ఇంత భారము లోపలి నుండి త్రోయుచుండగా, గాలి యొక్కటియే దన్నుగా, గుండ్రదనము చెడక నిలుచు గోడను జూచి మొదటి దినమున ఎవ్వడైనను పద్యము చెప్పును. కొయ్యపలకల అరుగుమీద దానిని నిలుపదలచినవాడు మాత్రము పద్యము కట్టిపెట్టి, ఆ పలకలు టన్ను బరువు నోపునో లేదో ముందుగా విచారింపవలెను.

"వేడ్కతోడ" అనుచోట కవి పొదుపరితనము చూపినాడు. నొప్పులకు వేడినీట మునుగుట నేటి వింత కాదు. చరకసంహితలో చెప్పిన పదుమూడు విధములైన స్వేదకర్మలలో అవగాహ మొకటి. అమెరికాలోనైనను ఈ భోగము రోగమునుండియే పుట్టినది: ఇటలీనుండి వలస వచ్చిన జకూజీ సోదరులలో కాండిడో అనునాయన, కీళ్లవాతముతో బాధపడు తన కుమారుని కొఱకు, స్నానపు తొట్టిలో నీటిని సుడులు త్రిప్పు పంపును చేయించగా, అది 1956 నాటికి అంగడి కెక్కినది. వైద్యము వేడుకయైన పిదప ప్లగ్గు సంగతి వచ్చును. అమెరికా యిండ్ల గోడ ప్లగ్గు 120 వోల్టులది. అది యియ్యగల విద్యుత్తు పరిమితము. కనుక అచ్చటి తొట్లు పెక్కింటిలో బుడగలు వచ్చునప్పుడు హీటరు పని చేయదు, హీటరు పని చేయునప్పుడు బుడగలు రావు. పైగా బుడగలకై ఊదబడునది బయటి చలిగాలియే గావున, వేడుక ముదిరినకొలది నీరు చల్లారుచుండును.

ఇక వేడి యెక్కుట. హీటరు శక్తి సుమారు పదుమూడువందల వాట్లు. ఆ నీటిరాశికి అది గంటకు ఒకటింబావు డిగ్రీకి మించి వేడి యియ్యలేదు. పదునైదు డిగ్రీల కొళాయినీరు నలువది డిగ్రీలకు వచ్చుటకు లెక్కప్రకారము ఇరువది గంటలు. మూత సరిగా వేయనివారికి లెక్క లేదు, ఏలయన నీటినుండి వేడి పోవుటకు ఆవిరియే పెద్దదారి. తెనాలినుండి వచ్చిన యత్తగారు, ఉదయము నింపిన నీరు సాయంకాలమునకు గోరువెచ్చనైనను కాకుండుట జూచి, "బాబూ, మనింట్లో రాగి బాయిలర్లో నాలుగు కట్టెలు వేస్తే అరగంటలో ఊరందరికీ కాగేవి" అన్నప్పుడు, అల్లుడు నలువదికి మించి కాగనియ్యరాదను నియమమును గూర్చి ఆమెకు విశదపఱచెనట. ఆమె యడిగినది ఎప్పుడు కాగునని గాని, ఎంత కాగునని కాదు.

మూడవ పాదమునకు వత్తము. "ముడుతలు పడిపోవు." ముడుతలు పడుట నిజము, దానికి మూడేండ్లు పట్టునను మాట నిజము కాదు. ముప్పది డిగ్రీల యెండలో నింపిన గాలి, సున్న డిగ్రీల రాత్రికి చార్లెస్ సూత్రము ననుసరించి పరిమాణమున నూటికి పదిపాళ్లు తగ్గును. రాత్రి బిగువుగా నున్న గోడ తెల్లవారుసరికి సడలును; రంధ్ర మెచ్చటను లేదు. "ఏమండీ అల్లుడుగారూ, ఎవరైనా పొడిచారా దీన్ని?" అని మామగారు కాఫీ గ్లాసుతో చుట్టును దిరిగి చూచుటయు, "చలికండీ మామయ్యగారూ" అని యల్లుడు పంపు గొట్టమును తగిలించుటయు ఆ యింట డిసెంబరు మాసపు నిత్యకృత్యములు. ఇట్లు చలిలో నిండుగా నింపిన గాలి వసంతమున యెండ తగులగానే వ్యాకోచించి అతుకులను లాగును. అప్పుడు కొంత గాలిని వదలివేయవలెను. నింపవలెనని యెఱిగినవారే గాని వదలవలెనని యెఱిగినవా రరుదు. అతుకులు విడుటకు కాలమహిమకంటె ఈ యజ్ఞానమే హెచ్చు కారణము.

నిజముగా గాలి పోవుచున్నదో లేదో తెలియుటకు ఉపాయము సులభము. గిన్నెడు నీళ్లలో అంట్లు తోము సబ్బుద్రవము చెంచాడు కలిపి, చిన్న కుంచెతో మొదట వాల్వు మూతచుట్టును, పిమ్మట అతుకుల వెంబడియు పూయవలెను. వాల్వు అంచున సన్నని నురుగు గుంపుగా లేచినచో మూత బిగించిన చాలును; చాలమందికి కథ యిచ్చటనే ముగియును. అతుకుమీద ఒక్కచోటనే బుడగ పుట్టి, పెరిగి, పగిలి, మరల అచ్చటనే పుట్టుచున్నచో అది రంధ్రము. చోటును తుడిచి, ఆరనిచ్చి, పెట్టెతో వచ్చిన పీవీసీ ముక్కను జిగురుతో నతికి, రాత్రియంతయు బరువు పెట్టి యుంచినచో, రంధ్రము చిన్నదేని, అతుకు పెక్కు దినములు నిలుచును. ఏండ్లతరబడి యెండయు క్లోరినును తగిలి, మెత్తపఱచు ద్రవ్యములు క్రమముగా వెడలిపోయి, గోడ బిరుసెక్కి చిట్లినచో మాత్రము అతుకుట వ్యర్థము. అది కాలమహిమయే యని యొప్పుకొందుము. కాని ఆ దశకు తొట్టి చేరవలెనుగదా!

ఏలయన, అంతకు ముందే పంపు పోవును.

ఇదియే మా సిద్ధాంతము. తొట్టి ప్రక్కన నుండు ఒక్క పెట్టెలో నీటిని త్రిప్పు పంపును, కాచు హీటరును, గాలి యూదు యంత్రమును, వీనినన్నిటిని నడపు సర్క్యూటు బోర్డును ఇరికించియుందురు. గోడ చేయు పని ఊరక నిలుచుట. పెట్టెకు రాత్రింబవళ్లు చాకిరి. తడి, వేడి, విద్యుత్తు మూడును ఒకచో నుండు నట్టి పెట్టె చిరకాలము బ్రతుకుట దుర్లభము. నీటి ప్రవాహము తగ్గినచో హీటరు మాడకుండుటకై యది తనంతట ఆగిపోయి, తెరపై నొక సంకేతము చూపును. కొన్ని తొట్లలో అది ఇ02. ఈ సంకేతమును జూచి హీటరు పోయెనని గుండె జారవిడుచువారు ముందుగా ఫిల్టరు తీసి చూడవలెను. దీపావళినాడు తల కంటుకొన్న నువ్వులనూనెతో కుటుంబమంతయు తొట్టిలో దిగి అభ్యంగనము ముగించిన యింట, మరునాడు ఇ02 కనబడుటకు శాస్త్రకారణము వేఱుగా వెదకనక్కఱలేదు.

ఫిల్టరు మార్చినచో తీరునది చిన్నరోగము. పెద్దరోగములు రెండు. మొదటిది సున్నపుపొర. నీరు వేడెక్కినకొలది అందలి కాల్షియము కార్బొనేటు కరగియుండజాలక హీటరునంటి పేరుకొనును. కఠినజలము గల యూళ్లలో ఇది శీఘ్రముగా జరుగును. దీనికి నీటిలో కలుపు మందుల లెక్కయు తోడగును. క్లోరిను పది లక్షల పాళ్లకు మూడు పాళ్లకు తగ్గినచో నలుగురు మునిగిన వెచ్చని నీరు సూక్ష్మజీవులకు నిలయమై, ఒంటిపై దద్దురులు మొదలు ఊపిరితిత్తుల జబ్బువఱకు తెచ్చును. ఆ భయముచేత చేతికందినంత మందు పోసి పీహెచ్‌ను 7.2కు దిగువకు జార్చినచో అది లోహమును తినును, 7.8కి మించనిచ్చినచో సున్నము పేరుకొనును. తొట్టి గలవాడు వారమునకు రెండుమాఱులైనను పరీక్షాపత్రములను నీట ముంచి, రంగులను సీసాపైనున్న రంగులతో పోల్చి చూడవలసినవాడే. దీనిని భోగమనువారిని మేము వాదమున కాహ్వానించుచున్నాము.

రెండవది మంచు. బయట నాలుగు డిగ్రీలకు తక్కువైనప్పుడు నడపవలదని చాల తొట్ల సూచనపుస్తకములలో నుండును. న్యూజెర్సీలో జనవరిమాసమున సున్నకు దిగువ రాత్రులు సామాన్యము. కొన్ని రకములు నీరు గడ్డకట్టకుండ తమంతట కొంచెము వేడి చేసికొనుచుండును గాని, హిమపాతమునకు తీగలు తెగి విద్యుత్తు పోయిన రాత్రి ఆ యేర్పాటు మూగవోవును. అప్పుడు పంపులోని సన్నగొట్టములలో నిలిచిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి వానిని పగులగొట్టును. పగిలిన సంగతి మంచు కరిగిన పిదపగాని తెలియదు. కవి "మూడు చలులు" అని చలికాలములతోనే లెక్కించుటకు అంతరార్థ మిదియని మేము గ్రహించితిమి; కవికి మాత్రము తోచినట్లు లేదు.

అట్లేని కవి గాలిని ఏల నిందించెను? ఇందులకు ఛందస్సే కారణము. నాలుగవ పాదము చివర "కాలమహిమ" యను మాటను ముందే నిశ్చయించుకొన్నాడు. దాని మొదటి యక్షరమునకు యతి కుదురవలెనన్న పాదాది "గాలి" రావలెను. "పంపు" అన్నచో యతి చెడును. ఒక యతి కోసము నిరపరాధియైన గాలి మీద నింద పడినది. యతియు సత్యమును రెండును నిలుచునట్లు మేమీ పాఠము సూచించుచున్నాము:

పంపుపోవు టదియె ప్రాప్తఫలము.

దీనిని కవికి చూపగా, పద్యము బాగున్నదనియు, కాని గ్యారంటీ యేడాదియే గావున నిక "ప్రాప్తఫలము" అను మాట తన యింట వినబడరాదనియు కోరెను. ఈ విషయమున ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. క్రొత్త పంపు పెట్టె విడిగా కొనబోయినచో దాని వెల క్రొత్త తొట్టి వెలకు చాల దగ్గఱగా నుండును. పైగా యేటేట నమూనాలు మాఱుటచే క్రొత్త పంపు మూతులు పాత గోడకు కుదురుననుటకు పూచీ లేదు. గోడ యొక్కటి నిక్షేపముగా నుండి పంపు చచ్చినవారును, పంపు నిక్షేపముగా నుండగా గరాజులో మడచిపెట్టిన గోడను ఎలుకలు కొఱికినవారును ఒకే వీథిలో నుందురు గాని, ఒకరి పంపు మఱియొకరి గోడకు సాధారణముగా పట్టదు.

కవిగారి గోడ మాత్రము నేటికిని నిలిచియున్నది. వేసవిలో చేతిపంపుతో గాలి కొట్టి, తోటగొట్టముతో చన్నీళ్లు నింపి, పిల్లలను అందులో వదలుచున్నారు. మూడు చలులు దాటినను ఒక్క ముడుతయు లేదు. మా సిద్ధాంతమునకు ఇంతకంటె ప్రత్యక్షప్రమాణ మేమి కావలయునని మేము సంతసించుచుండగా, ఇల్లాలు తువ్వాళ్లు తెచ్చి ఆరవేయుచు, "పిల్లల ఈతతొట్టి అంగట్లో ముప్పై డాలర్లకే దొరుకుతుంది గదండీ" అన్నది. దీనికి వ్యాఖ్య లేదు.