పాండిచ్చేరి వెళ్తే ఊరు చూడకండి

పాండిచ్చేరిలో పాత ఇంటిని బొటిక్ హోటల్‌గా మార్చిన చోట గది తీసుకుంటున్నారా? అయితే సైకిలు అద్దెకు తీసుకోకండి. ఆరోవిల్‌కి కారు మాట్లాడుకోకండి. పసుపు గోడల ముందు ఫొటోలకని తెల్లబట్టలు సర్దుకోకండి. మూడు రాత్రులు ఉండండి, ఆ మూడు రోజులూ ఇల్లు కదలకండి. ఈ మాటంటే మావాళ్ళంతా గయ్యిమంటారు. అంత డబ్బు పోసి వెళ్ళి ఊరు చూడొద్దంటావేంటి అని. డబ్బు పోసింది ఆ ఇంటికి కాబట్టే అంటున్నాను.

వెంట ఎవరిని తీసుకెళ్ళాలో కూడా చెబుతాను. కొత్తగా పెళ్ళయిన జంటలు ఇలాంటి హోటళ్ళకి వెళ్ళొద్దు, వాళ్ళకి ఇంటి మీద చూపుండదు. మండువా ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. నేను మా అమ్మని తీసుకెళ్ళాను. ఆవిడది యానాం దగ్గర పల్లె. యానాం వాళ్ళకి పాండిచ్చేరి అంటే కాగితాల పని పడే ఊరు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న ఆ రాజధానిలో తను పెరిగిన ఇల్లే ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

అందరూ సముద్రం వైపు గది అడుగుతారు. మీరు కాలవకి పడమటి పక్క అడగండి. ఊరి మధ్యలో ఉత్తర దక్షిణాలుగా పారే కాలవకి తూర్పున ఫ్రెంచివాళ్ళ వీధులు, పడమట తమిళుల వీధులు. తూర్పున ఎత్తు ప్రహరీలు, పెద్ద గేట్లు, లోపల ఏముందో బయటికి తెలియదు. పడమట ఇల్లు వీధిలోకే వచ్చి పలకరిస్తుంది. ముందు వసారా, దాని వెనక అరుగు. దాన్ని వాళ్ళు తిణ్ణై అంటారు. దర్వాజా దాటితే ముట్రం, అంటే మన మండువాయే.

1761లో ఇంగ్లిషువాళ్ళు ఈ ఊరిని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్ళు 1765 నుంచి మళ్ళీ కట్టుకున్నారు. అలా లేచిన ఊళ్ళో కొన్ని ఇళ్ళకి కింది అంతస్తు తమిళం, పై అంతస్తు ఫ్రెంచి: కింద చెక్క స్తంభాలు, పైన కమాను కిటికీలు. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీగా ఉండి, ఏళ్ళ తరబడి తమిళంలో దినచర్య రాసిన ఆనందరంగ పిళ్ళె అంతకుముందే కట్టుకున్న ఇంటిదీ ఇదే పోకడ. కస్తూరి రంగకవి తెలుగులో రాసిన ఛందోగ్రంథం ఆనందరంగరాట్ఛందము ఈ పిళ్ళె పేరు మీదదే. ఆ వీధుల్లో మన భాషకీ కాస్త చోటుంది.

ఇక గది. కింది అంతస్తులో, మండువా వైపు తలుపున్నది, గోడనుంచి సున్నం రాలుతున్నది ఇమ్మనండి. రిసెప్షన్‌లో కుర్రాడు కంగారుపడినా పట్టు వదలకండి. అది సముద్రపుటొడ్డు ఊరు, నేలలోంచి ఉప్పుతడి గోడల్లోకి ఎక్కుతుంది. సున్నం పూత ఆ తడిని బయటికి పోనిస్తుంది. తడి ఆరాక ఉప్పు పేరుకుని పూత పొడిపొడిగా రాలుతుంది. పూత రాలి ఇటుకని కాపాడుతుందన్నమాట, మళ్ళీ పూసుకుంటే సరి. సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎగబాకుతుంది. అంతకుముందొకసారి నేను దిగిన చోట, పేరెందుకు గానీ, గోడలన్నిటికీ సిమెంటు పూసి పైన మెరిసే పెయింటు వేశారు. మంచం తలవైపు అరచేతి మందాన పెయింటు ఉబ్బి ఉంది. వేలు పెట్టి నొక్కితే లోపల ఇటుక తడిసిన పిండిలా దిగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అంత పాత ఇంటికి డబ్బు పెట్టి మరీ చేటు తెచ్చారు. అందుకే చెబుతున్నా, దుప్పటి మీద సున్నప్పొడి పడితే దులుపుకోండి, ఫిర్యాదు చేయకండి.

గదిలో పందిరి మంచం ఉంటుంది. దాని మీద రాత్రి పడుకోండి, మధ్యాహ్నం మాత్రం కింద పడుకోండి. మా అమ్మ గదిలోకి రాగానే చెప్పులు విడిచి ఎర్రగచ్చు మీద పాదం రాసి చూసింది. తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని అక్కడే ఒరిగింది. నేనూ పక్కనే పడుకున్నాను. పైన టేకు దూలాలు, వాటి మధ్య సన్నని చిన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసలుగా సున్నంతో అతికినవి. మద్రాసు మిద్దె అంటే అదే. "అవి మీద పడవా అమ్మాయ్?" అంది. ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయమ్మా, సున్నం పట్టేసి ఉంటుంది అన్నాను. ఆవిడ వరసలు లెక్కపెడుతూ నిద్రపోయింది. మంచం మీది నుంచైతే ఆ పైకప్పు కనపడదు, పందిరి గుడ్డ అడ్డం.

ఏసీ ఆపేయండి. కిటికీ రెక్కల్లో చెక్కపట్టీలుంటాయి, వాటిని వాలుగా తిప్పితే ఎండ ఆగుతుంది, గాలి వస్తుంది. మధ్యాహ్నం పొద్దు తిరిగాక గాలి సముద్రం మీంచి మళ్ళుతుంది. మండువాలోంచి వేడి పైకి పోతుంటే ఆ గాలి ఇంట్లోకి వస్తుంది. చెమట పడుతుంది, పట్టనివ్వండి. గాలి చల్లగా తగిలేది చెమట మీదే.

ఊరు చూడక ఉండలేకపోతే తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్ళిరండి. ఉదయం 7.30 దాకా అక్కడికి బళ్ళు రావు. అది చాలు.

ఎప్పుడు వెళ్ళాలంటే, నవంబరులో. ఈశాన్య రుతుపవనాల వాన ఆ తీరాన్ని కొట్టే నెల. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం మానుకోండి, 2011 డిసెంబరులో థానే తుఫాను ఆ ఊరిని ఎంత దెబ్బతీసిందో అక్కడివాళ్ళు ఇంకా చెబుతారు. మామూలు వానైతే వెళ్ళి తీరాలి. మండువా కట్టిందే వాన కోసం. మేం ఉన్న రెండోరోజు నాలుగు గంటలకి పట్టుకుంది. నాలుగు వైపుల పెంకుల మీంచి నీళ్ళు ధారలు కట్టాయి. మా అమ్మ వసారాలో నిలబడి ముందు తూము ఎక్కడుందో వెతికింది, నీళ్ళు సాఫీగా పోతున్నాయో లేదో చూసుకుంది. ఆ తర్వాత కుర్రాణ్ణి పిలిచి, మూలధార కింద పెట్టడానికి బిందె కావాలంది. అతనికి తెలుగు రాదు, ఆవిడకి తమిళం రాదు. చేతులు గుండ్రంగా తిప్పి చూపించింది. అతను లోపలికి పరుగెత్తి ఐసు వేసే స్టీలు బకెట్ తెచ్చి సరిగ్గా మూల కింద పెట్టాడు. అది నిండేదాకా ముగ్గురం జల్లు కొడుతున్నా అక్కడే నిలబడ్డాం. నిండగానే ఇంకోటి తెమ్మంది.