కొత్త టైర్లకు బురద పూత

కెనడాలోని మిసిసాగాలో టైర్లు దొరకవా అంటే, అడుగుకొక కొట్టు ఉంది. కానీ ఇంటి పక్క కొట్లో కొనడానికి తెలివి ఎందుకు? అందుకే అక్టోబరు చివర్లో ఆకులు రాలడం చూడగానే మా బావగారు పులిహోర కట్టించుకుని, అక్కయ్యను కారెక్కించి, క్యూఈడబ్ల్యూ హైవే మీద దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని బఫెలోకి బయల్దేరతారు. అమెరికాలో వింటర్ టైర్లు చవకట. ఎంత చవక బావగారూ అంటే, "చాలా తేడా ఉందోయ్" అంటారు. కాగితం మీద చూపించమంటే మాత్రం కాఫీ వస్తోందా లేదా అని వంటింటి వైపు చూస్తారు.

ఆ కాగితం మనమే తీద్దాం. టైరు 150 అమెరికన్ డాలర్లు అనుకుందాం. నాలుగూ కలిపి 600. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో అమ్మకపు పన్ను 8.75 శాతం, దానిపైన వ్యర్థ టైర్ల రుసుము టైరుకు రెండున్నర డాలర్లు. 660 దాటింది. డాలరుకు 1.40 అనుకుని కెనడా డబ్బులోకి మారిస్తే 925 పైమాటే. విదేశీ కొనుగోలు అని క్రెడిట్ కార్డు వాడు ఇంకో రెండున్నర శాతం గిల్లితే 950. తిరిగి వచ్చేటప్పుడు ఒంటారియో వాసి కట్టాల్సిన హెచ్‌ఎస్‌టీ పన్ను 13 శాతం. అదీ న్యూయార్క్ రాష్ట్రానికి కట్టిన పన్నుతో కలిపిన ధర మీద! వెరసి 1,070. టైరు చైనాలో తయారైనదైతే మామూలు రోజుల్లో సుంకం ఇంకో 7 శాతం. అవే టైర్లు మిసిసాగాలో 230 చొప్పున దొరికినా, పన్నుతో సహా 1,040కి ఇంటికొస్తాయి. వంతెన టోలు, పెట్రోలు, మా అక్కయ్య నడుం నొప్పి ఈ లెక్కలో వేయలేదు.

పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేవాడికి కెనడా ఇచ్చే మినహాయింపు సున్నా. 24 గంటలు అవతల ఉంటే 200 డాలర్లు, 48 గంటలు ఉంటే 800. ఆ రెండు రాత్రుల హోటలు బిల్లు ఎవరు కడతారని మాత్రం అడగకండి.

మరి లాభం ఎక్కడుంది? కస్టమ్స్ కిటికీ దగ్గర ఉంది. "ఏమైనా కొన్నారా?" అని ఆఫీసరు అడుగుతాడు. "పాలు, చీజ్, పిల్లలకు సాక్సులు" అని బావగారు చెబుతారు. ఆ ఒక్క వాక్యం విలువ 120 డాలర్లు. ఇంత ప్రయాణం, ఇంత పులిహోర, ఇంత ఆర్థికశాస్త్రం ఆ అబద్ధం కోసమే. చక్కగా నిజం చెప్పి పన్ను కట్టేవాడు మిసిసాగాలోనే కొనుక్కుని మధ్యాహ్నం నిద్రపోవచ్చు.

అబద్ధానికి ముందు అలంకరణ ఒకటి ఉంటుంది. కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు నిక్కపొడుచుకుని ఉంటాయి. ట్రెడ్ మీద రంగు గీతలు, కొలతలు రాసిన కాగితపు స్టిక్కరు ఉంటాయి. కొట్టువాడు పాత టైర్లు ఊడదీసి కొత్తవి బిగించగానే బావగారు పార్కింగ్ స్థలంలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ స్టిక్కర్లను గోళ్లతో గీకుతారు. ఆ తర్వాత మట్టిరోడ్డు ఎక్కడుందా అని వెతుకుతారు. వెయ్యి డాలర్ల సరుకు కొన్న మనిషి దానికి బురద పూయడానికి గుంట కోసం పొరుగుదేశంలో తిరగడం ఎక్కడైనా చూశారా? దొరికిపోతే టైర్లతో పాటు, వాటిని మోసుకొచ్చిన కారును కూడా ఆపేసే అధికారం కస్టమ్స్ చట్టంలో ఉంది. సరిహద్దు త్వరగా దాటించే నెక్సస్ కార్డు ఉంటే అదీ ఊడుతుంది.

ఈ విద్య కెనడాలో నేర్చింది కాదు. కాకినాడలో ఉన్నప్పుడు స్కూటరుకు పెట్రోలు పోయించడానికి ఆయన యానాం వెళ్లేవారు. చవక పెట్రోలులో సగం రానూపోనూ ఆవిరయ్యేది. మిగిలిన సగాన్ని ఊరంతా చెప్పుకునేవారు.

అసలు తమాషా టైరు గోడ మీద అచ్చయి ఉంటుంది, చదివే ఓపిక ఉంటే. మిషెలిన్ కంపెనీ 1971 నుంచి కెనడాలోని నోవా స్కోషియాలో టైర్లు చేస్తోంది. అక్కడి సరుకులో పెద్ద వాటా అమెరికాకే వెళ్తుంది. ఒంటారియోలోనే నాపనీ ఊళ్లో గుడ్‌ఇయర్ కర్మాగారం 1990 నుంచి ఉంది. అంటే ఇక్కడ పుట్టిన టైరు లారీలో సరిహద్దు దాటి వెళ్తే, బావగారు దాన్ని బుజ్జగించి, బురద పూసి, మళ్లీ పుట్టింటికి తెచ్చే అవకాశం నిక్షేపంగా ఉంది.

సర్కారు వారు మాత్రం తక్కువ తిన్నారా? 2007లో కెనడా డాలరు అమెరికన్ డాలరుతో సమానమయ్యాక జనం బఫెలోకి ఎగబడ్డారు. ఒకే వస్తువుకు రెండు ధరలేమిటని సెనేట్ కమిటీ విచారించి 2013లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది బడ్జెట్‌లో పసిపిల్లల బట్టలకూ, కొంత క్రీడా సామగ్రికీ సుంకాలు ఎత్తేశారు. హాకీ సామాను సుంకం పోయింది, టైరుది పోలేదు. పక్కనున్న క్యుబెక్ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు తీయకూడదని చట్టం చేసింది. ఆ చట్టం పాటించేవాడి దగ్గర దాదాపు 15 శాతం పన్నూ పుచ్చుకుంటోంది. సమానమైన డాలరు ఎప్పుడో దిగిపోయింది. బఫెలో ప్రయాణం మాత్రం ఆగలేదు.

2025లో అమెరికా సుంకాలు వేసినప్పుడు ఒంటారియో ప్రభుత్వ మద్యం దుకాణాలు అమెరికన్ సీసాలను అరల్లోంచి తీసేశాయి. బావగారూ తీసేశారు, కాలిఫోర్నియా కమలాలను. దేశం కోసం త్యాగం చేయాలని వాట్సాప్‌లో రోజుకో సందేశం పంపారు. ఆ సందేశాల్లో ఒకటి బఫెలో కొట్టు ముందు వరుసలో నిలబడి పంపినదే.

"టైర్లు వేరోయ్, అవి భద్రత" అన్నారు అడిగితే.

వాటితో పాటు రొటేషన్, బ్యాలెన్సింగ్ జీవితాంతం ఉచితంగా వచ్చాయి. బఫెలోలో మాత్రమే. ఊరకే వచ్చేది వదులుకోవడమెందుకని ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తున్నారు. ఈసారి పక్కింటి తమిళాయన కూడా తోడు వస్తున్నాడు. ఆయనకు బ్రేక్ ప్యాడ్లు కావాలట. వాటికి బురద ఎలా పూయాలో ఇద్దరూ ఆలోచిస్తున్నారు.