గేటు దగ్గర ఇరవై కిలోలు

ఏటా జూన్ 26న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడిపిల్లలకు రోడ్డు మీద నడిచే పని పడుతుంది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. చేతికో ప్లకార్డు, ముందొక బ్యానరు, చౌరస్తాలో ప్రతిజ్ఞ. మైకు ఎవరి చేతికొచ్చినా ఉపన్యాసం చివరికి ఒకే చోట ఆగుతుంది: బడుల దగ్గర గంజాయి అమ్మేవాళ్లకు శిక్షలు ఇంకా పెంచాలి. చప్పట్లు. వక్తలకు ఈ డిమాండంటే ఎందుకంత ముద్దో తెలుసుకోవడం కష్టం కాదు. బడికో కౌన్సిలర్‌ను పెట్టమంటే జీతమెవరిస్తారని అడుగుతారు. శిక్ష పెంచమంటే ఎవరూ ఏమీ అడగరు. పదేళ్లను ఇరవై చెయ్యడానికి పట్టేది ఒక అంకెకు సరిపడా సిరా.

మైకు దించాక చట్టం తెరిచి చూసే అలవాటు కూడా ఉంటే ఇంకా సరదాగా ఉండేది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలోకి బడి 2001లోనే వచ్చి కూర్చుంది. ఆ సవరణతో చేరిన 32బి సెక్షన్ ప్రకారం విద్యాసంస్థలో గానీ, దాని పక్కన గానీ, పిల్లలు చదువుకో ఆటకో చేరే చోట గానీ నేరం జరిగితే జడ్జి కనీస శిక్షను మించి వెయ్యవచ్చు. కాకపోతే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది. కనీస శిక్ష అంటూ నిర్ణయించిన నేరాలకే అది వర్తిస్తుంది. గంజాయి అమ్మకం, రవాణాల్లో కనీస శిక్ష ఉన్నది 20 కిలోలు దాటిన సరుకుకే: పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా. కిలో నుంచి 20 కిలోల మధ్యయితే పదేళ్ల వరకు వెయ్యవచ్చు, కనీసం ఇంత అని లేదు. కిలో లోపయితే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కాబట్టి బడి పేరు చెప్పి శిక్ష పెంచే ఆ సెక్షన్‌లో ఇరుక్కోవాలంటే, అమ్మేవాడు ఇరవై కిలోల పైచిలుకు సరుకును బస్తాకెత్తుకుని సరిగ్గా ప్రార్థన గంటకు గేటు ముందు హాజరు కావాలి. పాన్ డబ్బాలో నాలుగు పొట్లాలు దాచుకున్నవాడు అంత గౌరవానికి నోచుకోలేదు. పిల్లల దగ్గర అమ్మాడన్న సంగతిని జడ్జి తన విచక్షణ కొద్దీ లెక్కలోకి తీసుకుంటే తీసుకున్నట్టు.

ఇరవై కిలోల సరుకు బడికి పోదు, హైవే ఎక్కుతుంది. చింతపల్లి, పాడేరు కొండల్లోనూ ఆవల మల్కన్‌గిరిలోనూ పండింది విజయవాడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిలో బయలుదేరి, కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో తెలంగాణ గడప తొక్కి, సూర్యాపేట దాటి, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లలో బుద్ధిగా రుసుము చెల్లించి హైదరాబాద్ చేరుతుంది. దారిలో పట్టుబడేది డ్రైవరు, లేదంటే కూలికి సంచి మోసే మనిషి. పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి బండిలో ప్రయాణం చెయ్యడు.

సర్కారు ఖర్చుల బిల్లు ఇక్కడి నుంచి మొదలవుతుంది. 20 కిలోలు దాటిన కేసులో 37వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది: నిందితుడు నేరం చెయ్యలేదనడానికి ఆధారాలున్నాయనీ, బయటికొస్తే మళ్లీ చెయ్యడనీ కోర్టుకు నమ్మకం కలిగితేనే బెయిలు. చార్జిషీటుకే 180 రోజుల గడువు. అన్నాళ్లూ తిండి, మందులు, వాయిదాకు ఎస్కార్టు అన్నీ సర్కారు ఖాతాలోనే. విశాఖ సెంట్రల్ జైలు సామర్థ్యానికి మించి కిక్కిరిసింది, లోపలున్నవాళ్లలో గంజాయి కేసులదే పెద్ద వాటా. దేశం మొత్తం మీద 2022 చివరికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే.

శిక్ష పెరిగితే రుజువు బరువూ పెరుగుతుందన్న చిన్న విషయం కూడా మైకుకు ఎక్కదు. శిక్ష ఎంత కఠినమైతే చట్టం పెట్టిన జాగ్రత్తలను అంత కచ్చితంగా పాటించాలని సుప్రీంకోర్టు 1999లో బల్దేవ్ సింగ్ కేసులోనే చెప్పింది. సోదాకు ముందు నిందితుడి హక్కు అతనికి చెప్పాలి, పంచ్ సాక్షులు కావాలి, 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట శాంపిళ్లు తియ్యాలి, మిగతా సరుకు భద్రంగా దాచాలి. ఈ ఒక్కొక్క పనికీ మనిషి కావాలి, గది కావాలి, తాళం కావాలి. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు తమ స్టేషన్లలోని 581 కిలోల గంజాయి ఎలుకల పాలైందని కోర్టుకు విన్నవించుకున్నారు. 2023లో చెన్నైలో 22 కిలోల కేసులో దాదాపు సరుకంతా ఎలుకలు తిన్నాయని తేలడంతో ప్రత్యేక కోర్టు ఇద్దరు నిందితులను వదిలేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. ఇప్పుడు ఎలుకే కొండను మింగి కేసు కొట్టేయిస్తోంది. ఇరవై ఏళ్ల శిక్షను యాభై చేస్తే ఆ ఎలుకలు భయపడతాయని వక్తలెవరైనా హామీ ఇస్తే వినాలి.

శిక్షను చూసి సరుకు జడుసుకునేదే అయితే ఎప్పుడో జడుసుకోవాలి. కొన్ని రకాల మత్తుతో పెద్ద మోతాదుల్లో మళ్లీ పట్టుబడినవాడికి 1989లోనే ఉరి రాశారు, అదీ తప్పనిసరిగా. 2011లో బొంబాయి హైకోర్టు ఆ తప్పనిసరి చెల్లదంది, 2014లో పార్లమెంటు దాన్ని జడ్జి విచక్షణకు వదిలింది. ఉరి రాసిన 33 ఏళ్లకు, 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర ఒక్కరోజే తగలబెట్టిన గంజాయి సుమారు 2 లక్షల కిలోలు.

ఇప్పుడు బడి పక్కనున్న పాన్ డబ్బా సంగతి. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడిపిల్లల చేతికి గంజాయి కలిపిన చాక్లెట్లు చేరిన వ్యవహారం బయటపడింది. వాళ్లకు అవి అందింది లారీ నుంచి కాదు, ఇలాంటి చిన్న కొట్టు నుంచే. పిల్లలకు మత్తు ఇచ్చినవాడికి 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా చెబుతోంది. వినడానికి గంభీరంగానే ఉంది. అయితే 2021 సవరణ ఇలాంటి నేరాలను నాన్ కాగ్నిజబుల్ కోవలోకి నెట్టింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసు ఆ సెక్షన్ మీద దర్యాప్తు మొదలుపెట్టలేడు. ఆ సవరణ రోజున ఏ చౌరస్తాలో ఎన్ని ప్లకార్డులు లేచాయో గుర్తున్నవాళ్లు చెప్పాలి. ఇక బడికి 100 గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మితే 2003 పొగాకు చట్టం వేసే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. జూన్ 26 ర్యాలీలో పంచిన మజ్జిగ ప్యాకెట్లకు ఇంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది.

బడి చుట్టూ గిరి గీసి శిక్ష పెంచే ఆట అమెరికా నలభై ఏళ్ల కిందటే ఆడింది. 1984లో ఫెడరల్ చట్టం 1,000 అడుగుల గీత గీసింది, రాష్ట్రాలూ ఆ బాటే పట్టాయి. న్యూజెర్సీ శిక్షల సమీక్షా సంఘం 2005లో లెక్క తీస్తే నెవార్క్ నగరంలో 76 శాతం ఈ గీతల లోపలే ఉందని తేలింది. అంతా బడి పక్కనే అయితే బడికి విడిగా రక్షణ ఏముంటుంది? ఆ నేరం కింద జైలుకెళ్లినవాళ్లలో 96 శాతం నల్లజాతి, హిస్పానిక్ జనమే. 2010లో న్యూజెర్సీ విచక్షణను తిరిగి జడ్జీల చేతికిచ్చింది. 2012లో మసాచుసెట్స్ 1,000 అడుగులను 300కు కుదించింది. సూర్యాపేటలో వీధికో ప్రైవేటు బడి, కోదాడలో సందుకో హాస్టలు. అక్కడ 1,000 అడుగుల గీతలు గీస్తే బయట మిగిలేది సూర్యాపేట సద్దుల చెరువు నడిమధ్య నీళ్లే.

మన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఒకటుంది. కొద్దిపాటి మత్తుతో పట్టుబడ్డ వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. మిర్యాలగూడలో కొడుకు జేబులో పొట్లం చూసి వణికే తల్లికి 32బి కన్నా ఇది అక్కరకొస్తుంది. చికిత్స కేంద్రాలు ఎన్ని పెట్టాలన్నది మాత్రం 71వ సెక్షన్ ప్రభుత్వం ఇష్టానికి వదిలింది. ఇష్టం కలగాలంటే డబ్బు కావాలంటారు. 2023లో తెలంగాణ 2,620 మద్యం దుకాణాలకు లాటరీ వేస్తే, తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుముల మీదే ఖజానాకు 2,600 కోట్ల పైన వచ్చింది. అలాంటి మద్యం దుకాణానికీ బడికీ మధ్య నిబంధన ప్రకారం ఉండాల్సింది 100 మీటర్లు.