ఇళ్ల స్థలాన్వేషణ పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
గట్టు చూచి, నీటి పట్టును పరికించి,
దారి చూచి, బోరు తవ్వి చూచి,
పాతవారి నడిగి, పత్రము సరిజూచి,
పేదవారి కపుడె పెట్టు కొలత.

అవతారిక: పేదలకు ఇళ్ల స్థలాలు చూపమని పైనుంచి ఉత్తర్వు రాగా, ఎక్కడ వెదకాలో తోచక నిలుచున్న కొత్త తహసీల్దారుకు, 1984లో కరణాల పదవులు రద్దై ఉద్యోగం ఊడిన కరణంగారొకరు ఉపదేశిస్తున్నారు.

టీక:

గట్టు చూచి = చెరువుగట్టుకు ఏ వైపున నిలుచున్నామో చూసుకొని. వానల్లేని ఏడు చెరువు కడుపు కూడా చక్కని మైదానంలా కనబడుతుంది.

నీటి పట్టును పరికించి = నీళ్లు నిలిచే నేలను కనిపెట్టి. ఇది సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో దొరకదు. అందులో హద్దురాళ్లు, కొలతలు ఉంటాయి గానీ, వానొస్తే ఎంత లోతో ఉండదు.

దారి చూచి = ఇటుకల ట్రాక్టరు వచ్చే దారి చూసి. జీపు దిగి నడిచిన పొలంగట్టు దారి కాదని భావం.

బోరు తవ్వి చూచి = అర్థం స్పష్టం. ఖర్చుతో కూడింది కనుక చాలామంది వ్యాఖ్యాతలు ఈ మాటను వదిలేశారు.

పాతవారి నడిగి = అక్కడ పశువులు కాసినవారిని అడిగి. పరిశీలన నివేదికలో వీళ్ల సంతకానికి గడి లేదు.

పత్రము సరిజూచి = భూమి రికార్డులైన ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్ తిరగేసి. ప్రభుత్వ భూమి అంతా ఒకటే కాదు. గయాళు, అంటే బంజరైతే ఇవ్వవచ్చు. మేత పోరంబోకు, చెరువు పోరంబోకు ఊరందరివి; అలాంటి ఉమ్మడి భూములను కాపాడమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అసైన్డ్ భూమైతే వెనకటి ప్రభుత్వం మరో పేదవాడికి సాగుకిచ్చినది. అతని చేతిలోంచి తీసి ఇతని చేతిలో పెట్టడమవుతుంది. ఇక ప్రభుత్వానిది కాక జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితే బేరమాడి కొనాలి, లేదా 2013 భూసేకరణ చట్టం దారిన పోవాలి.

పేదవారి కపుడె పెట్టు కొలత = ఇవన్నీ అయ్యాకే పేదవారికి గొలుసు వెయ్యి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో ఆ కొలత పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు.

అన్వయం: పద్యక్రమం వేరు, కచేరీ అన్వయక్రమం వేరు. అక్కడ నాలుగో పాదంతో మొదలుపెడతారు. ముందు పంపిణీ తేదీ కుదురుతుంది. తరవాత అర్హుల జాబితా వస్తుంది. దాన్ని సెంట్లతో గుణించి, రోడ్లకింత కలిపితే ఎకరాలు తేలతాయి. అన్ని ఎకరాలు ఒక్కచోట దొరికితే అదే అనువైన స్థలం. గట్టూ నీటిపట్టూ మిగిలిపోతే, వాటిని వర్షాకాలం అన్వయిస్తుంది.

శంక: ఇంత వెదికినా ఊరికి దూరంగా, పల్లంలో ఉన్న భూమే ఎందుకు తేలుతుంది?

సమాధానం: మెరక నేల మీద ఊరు ఎప్పుడో కట్టుకుంది. రోడ్డు పక్క నేలకు రేటు పలికింది. ఎవరికీ అక్కరలేనిదే సర్కారు పేర మిగిలింది.

మరి డబ్బిచ్చి కొంటే మంచి నేల దొరకదా అంటే, అదీ ఖాయం కాదు. రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూములను ఇళ్ల స్థలాలకు ఎంచినప్పుడు, అవి మునిగే నేలలన్న అభ్యంతరం 2020లో హైకోర్టుకెక్కింది. పశువుల కాపరి చెప్పవలసిన మాట న్యాయవాదుల నోట వినవలసి వచ్చింది.

తాత్పర్యం: భూమి దొరకడం వేరు, అది ఇంటికి తగడం వేరు. మొదటి మూడు పాదాల్లో సర్కారు మిగుల్చుకున్న ఖర్చు ఎక్కడికీ పోదు. పట్టా అందుకున్నవాడు మెరక కోసం తోలించుకునే మట్టి ట్రాక్టర్ల లెక్కలో తేలుతుంది. కనుక ఇళ్ల స్థలం చూడబోయే అధికారి మంచిరోజు కోసం పంచాంగం తిరగేయనక్కరలేదు, భాద్రపదంలో ముసురు పట్టిన ఏ రోజైనా దివ్యమైన ముహూర్తమేనని కవిహృదయం.